తరుగు తీయని బరువు

ముప్పై రెండేళ్ళు నెల్లూరు తీరంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఫార్మసిస్టుగా పనిచేశాను. జనం నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ. మొదట్లో 'మందులక్కా' అనేవాళ్ళు, జుట్టు నెరిశాక కొందరు 'మందులమ్మా' అన్నారు. ఈమధ్యే రిటైరై ఇంట్లో కూర్చున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఫోన్ చేసి, మేడం, మేము ముఖ్యంగా ఏం చూసుకోవాలి అని అడుగుతుంటారు. స్టాకు రిజిస్టరు గురించీ ఇండెంట్ల గురించీ నేను చెప్పను. అవి ఎవరైనా నేర్పుతారు. ఎవరూ నేర్పకపోతే మెమో వచ్చి నేర్పుతుంది. నేను చెప్పేది ఒక్క ప్రశ్న గురించి. పసిబిడ్డకు యాంటీబయాటిక్ చేతికిచ్చే ముందు అడగాల్సిన ప్రశ్న అది: బరువెంత?

ఓస్, ఇంతేనా అనకండి. ఆ ప్రశ్న అడగడం నాకు మొదటి ఏడాదే వచ్చింది. దానికి వచ్చే జవాబును ఎలా వినాలో తెలియడానికి పాతికేళ్ళు పట్టింది. ఆ తెలివి వచ్చేలోపల ఒక పసిపాప ప్రాణం మీదికి తెచ్చాను.

కళ్ళే కాటా

నా మొదటి ఊళ్ళో డాక్టరుగారు హస్తవాసి మంచిదని పేరున్న మనిషి. కోపం ఎక్కువ, మనసు మంచిది. తల్లి బిడ్డను ఎత్తుకుని గుమ్మంలోకి రాగానే కుర్చీలోంచే ఒక చూపు చూసి, 'సిరప్పు, మూడు పూటలు, అర మూత' అని రాసేవారు. చేరిన నెలలోనే ఉండబట్టలేక అడిగాను.

"సార్, ఒకసారి బరువు చూసి ఇద్దామా?"

"ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా తల్లీ. నా కళ్ళే కాటా."

మా తీరంలో రెండేళ్ళ బిడ్డ అంటే ఎనిమిది కిలోలూ ఉంటుంది, పదమూడు కిలోలూ ఉంటుంది. ఇద్దరికీ అదే అర మూత పోస్తే ఒకరికి విరేచనాలు పట్టుకుంటాయి, ఇంకొకరికి జబ్బు సగం తగ్గి, చావని క్రిమి మందుకు అలవాటు పడి తిరగబడుతుంది. అందుకని వరండాలోనే కాటా పెట్టించి, ఆయన గదిలోకి పోకముందే బిడ్డల బరువు చీటీ మీద రాసి పంపడం మొదలుపెట్టాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు పిలిచి, "ఇక్కడ డాక్టరు నువ్వా, నేనా?" అన్నారు.

"మీరే సార్. కానీ సీసా చేతికిచ్చేది నేను."

కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూశారు. ఆ తర్వాత చీటీ లేకుండా వచ్చిన బిడ్డను ఆయనే బయటికి పంపేవారు. ఆయన్ను తక్కువ చేయడానికి ఇది రాయడం లేదు. కొత్తవాళ్ళకు భయం ఉంటుంది కాబట్టి లెక్క చూసుకుంటారు. భయం పోయినవాళ్ళతోనే చిక్కు. ఆ మాట నాకూ వర్తిస్తుందని అప్పట్లో తోచలేదు.

రొయ్యకు కౌంటు, కొడుక్కి వయసు

తర్వాత తోటపల్లి గూడూరు వైపు వచ్చాను. అక్కడ వరిపొలాలు ఎంతుంటాయో రొయ్యల చెరువులూ అంతుంటాయి. ఒకరోజు ఒక చెరువు రైతు దగ్గుతున్న కొడుకును చంకన వేసుకుని హడావుడిగా వచ్చాడు.

"రెండేళ్ళోడు మేడం. దానికి తగినట్టు మందు ఇచ్చేయండి. చెరువుకాడ మేత టైమైంది."

"కాటా ఎక్కించన్నా."

"ఏజ్ చెప్పినా గదా."

"నీ చెరువులో రొయ్యలు ఎన్నాళ్ళవి?"

"రెండు నెల్లు."

"రెండు నెల్లని చెప్పి మేత వేసేస్తావా?"

"అదెట్టా కుదురుద్ది? వలేసి, తూకమేసి, కిలోకి ఎన్ని వస్తున్నాయో కౌంటు చూసుకొనే గదా ఏసేది."

"ఎక్కువేస్తే?"

"నీళ్ళు చెడతాయి."

"తక్కువేస్తే?"

"ఎదగవు."

"రొయ్యకు కౌంటు చూస్తావు, కొడుక్కి వయసు చెప్తావా?"

నవ్వుకుంటూ వాణ్ని కాటా మీద నిలబెట్టాడు. ఆ మాట ఆ చుట్టుపక్కల చెరువు గట్లన్నీ తిరిగింది. ఆ తర్వాత రైతులు గుమ్మంలోనే "కౌంటు చూడండి మేడం" అంటూ బిడ్డల్ని దించేవాళ్ళు. పోయిన ప్రతి ఊళ్ళోనూ ఈ కథ చెప్పుకుని గొప్పపడ్డాను. నిజం చెప్పాలంటే, బరువు విషయంలో నన్ను మించినవాళ్ళు లేరనుకున్నాను.

మడిచిన చీటీ

నా చివరి ఊరు, చేపల వేటకు పోయే పట్టపోళ్ళు ఉండే సముద్రపు ఒడ్డు ఊరు. ఊరి పేరు రాయను. ఉత్తరంగా చూస్తే కృష్ణపట్నం పొగగొట్టాలు కనిపిస్తాయి, రాకెట్టు ఎగిరిన రోజు దక్షిణాన ఆకాశంలో పొగచార కనిపిస్తుంది. అంతవరకు చాలు.

అక్కడి ఆడవాళ్ళు బిడ్డను తూచనిస్తారు గానీ, బరువు పైకి చెప్పనివ్వరు. మొదటి రోజే ఒక ముసలామె నా నోరు మూసినంత పని చేసింది. "అంకె పైకి చెప్పబాకమ్మా, దిష్టి తగులుద్ది." అన్ని దిష్టుల్లోకీ కన్నతల్లి దిష్టే ముందు తగులుతుందని వాళ్ళ నమ్మకం. అందుకని బిడ్డ కాటా మీద ఉన్నంతసేపూ తల్లి మొహం పక్కకు తిప్పుకుంటుంది. మనమెందుకు కాదనాలి? అంకె చీటీ మీద రాసి, మడిచి ఇవ్వడం అలవాటు చేసుకున్నాను. తల్లి ఆ చీటీ విప్పకుండా తెచ్చి నా కిటికీలో పెట్టేది.

మూడో ఏడాదికి ఉప్పుగాలి తగిలి మా కేంద్రంలో కాటా పాడైంది. పొద్దున ఒక బరువు, మధ్యాహ్నం ఒక బరువు చూపేది. కొత్తదానికి రాశాం, వస్తుందన్నారు. వచ్చేదాకా బిడ్డల జబ్బులు ఆగవు కదా. రోడ్డుకు అవతలే చేపలు వేలం వేసే షెడ్డు. అక్కడి ఎలక్ట్రానిక్ కాటా మంచిది, ఏటా తూనికలవాళ్ళు వచ్చి ముద్ర వేసిపోతారు. నేను పోయి షెడ్డువాళ్ళతో మాట్లాడాను. ఖాళీ ప్లాస్టిక్ గంప కడిగి, లోపల దుప్పటి వేసి, కాటా మీద పెట్టి, సున్నా బటన్ నొక్కాలి. కాళ్ళ కడియాలు తీసి బిడ్డను కూర్చోబెట్టాలి. మా ఆశా కార్యకర్త రమణమ్మ వెంట పోయి, అంకె తన కళ్ళతో చూసి చీటీ రాయాలి. ఏర్పాటు బ్రహ్మాండంగా నడిచింది. పైనుంచి వచ్చినవాళ్ళు కూడా మెచ్చుకున్నారు. ఆ తెలివి నాదేనని నేను అందరికీ చెప్పుకున్నాను.

తొమ్మిది

ఒక వానాకాలం పొద్దున పెంచలమ్మ అనే అమ్మాయి రెండేళ్ళ కూతుర్ని తెచ్చింది. పిల్లను చిట్టి అని పిలిచేవాళ్ళు. జ్వరం, దగ్గు, వేగంగా ఊపిరి. డాక్టరమ్మ గడియారం పెట్టుకుని ఊపిరి లెక్కబెట్టి, న్యుమోనియా మొదలైందనీ, పిల్ల ఇంకా పాలు తాగుతోంది కాబట్టి ఇంటి దగ్గరే మందు వాడొచ్చనీ, రెండు రోజులు పోయాక మళ్ళీ చూపించాలనీ చెప్పింది.

రమణమ్మ ఆ రోజు మండలంలో మీటింగుకు పోయింది. షెడ్డులో కాటా దగ్గర ఉండే మస్తానయ్య పెంచలమ్మకు సొంత అన్న. "మీ అన్నకాడికే గదా, నువ్వే పోయి చీటీ తీసుకురా" అన్నాను. పది నిమిషాల్లో తెచ్చింది. విప్పి చూస్తే తొమ్మిది అని ఉంది.

నీళ్ళలో కరిగే అమాక్సిసిలిన్ బిళ్ళలకు మా గోడ మీద ఒక పట్టిక ఉండేది. పది కిలోల లోపు బిడ్డకు పూటకు ఒకటి, పది దాటితే పూటకు రెండు. అంటే పది దగ్గర ఉన్న గీతకు ఇటు పడితే మోతాదు సగం. ఆ గీతను మీ పట్టికలో వెతికి చూసుకోండి, నా మాట మీద పోవద్దు.

బిళ్ళ ఎలా కరిగించాలో చూపించడానికి పిల్లను ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టాను. బరువుగా ఉంది. పదికి పైనే ఉంటుందని నా చెయ్యి చెప్పింది. కాటా చెప్పాక చెయ్యి చెప్పేదేముంది, నేనేమన్నా ఆ పాత డాక్టరుగారినా అనుకున్నాను. అంగన్‌వాడీ కార్డు తెమ్మంటే పోయిన నెల బరువు దాంట్లో ఉండేది. అదీ అడగలేదు. పూటకు ఒకటి చొప్పున లెక్కపెట్టి ఇచ్చాను.

మూడో రోజు పొద్దున్నే పెంచలమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. చిట్టి డొక్కలు ఎగరేస్తోంది. పాలు నోట్లో పోస్తే కారిపోతున్నాయి. డాక్టరమ్మ ఒక్క చూపు చూసి నూటెనిమిదికి ఫోన్ చేసింది. బండి వచ్చేలోపల నేను చేసిన పని ఏమిటో తెలుసా? ఆ తల్లిని కోప్పడ్డాను.

"మందు సరిగ్గా వేశావా? జ్వరం తగ్గిందని మధ్యలో మానేశావా?"

"నువ్వు చెప్పినట్టే ఏసినానక్కా. ఒక్క పూట తప్పలా." చీర కొంగు ముడి విప్పి బిళ్ళల అట్ట చూపించింది. ఎన్ని ఉండాలో అన్నే ఉన్నాయి. నాకింకా అర్థం కాలేదు.

మధ్యాహ్నం నెల్లూరు పెద్దాసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. డాక్టరమ్మ విని, పెట్టేసి, నా వైపు తిరిగింది. "పాప అక్కడ పన్నెండు కిలోలు తూగిందట. పూటకు ఒక్కటే ఎందుకిచ్చారని అడుగుతున్నారు."

"తొమ్మిదే మేడం. చీటీ ఉంది నా దగ్గర." చీటీ తెచ్చి చూపించాను కూడా. చదవేస్తే ఉన్న మతి పోయినట్టు, కాగితం మీద ఉంటే నిజమే అనుకునే స్థితిలో ఉన్నాను.

షెడ్డులో బియ్యం మూట

కాటా దొంగ కాటా అని తేల్చేసుకున్నాను. చేపలు కొనేవాళ్ళు పట్టపోళ్ళను మోసం చేయడానికి ఏదో మెలిక పెట్టారు, దానికి నా పిల్ల బలైంది. కోపంతో ఒళ్ళు మండిపోయింది. పక్క కొట్లో సీలు వేసిన పది కిలోల బియ్యం మూట తీసుకుని షెడ్డులోకి పోయాను.

మస్తానయ్య నన్ను చూసి లేచాడు. "చిట్టికి ఎట్టుండాది మందులక్కా? ఆస్పత్రి నుంచి ఏమన్నా తెలిసిందా?"

"మీ కాటా తప్పు చెప్తోంది మస్తానన్నా."

మనిషి చిన్నబోయాడు. ముద్ర ఉన్న ఇరవై కిలోల ఇనప గుండు తెచ్చి కాటా మీద పెట్టాడు. ఇరవై చూపింది. రెండోసారి పెట్టినా ఇరవయ్యే. "ఇంకేం చూపించమంటావు?" అన్నాడు.

"గంప పెట్టు. చిట్టిని తూచినట్టే ఈ మూటను తూచు."

ఖాళీ గంప పెట్టాడు, సున్నా నొక్కాడు, మూట పెట్టాడు. కాటా తెర ఎప్పుడూ తూచేవాడి వైపే ఉంటుంది. నేను చుట్టూ తిరిగి పోయి అతని పక్కన నిలబడ్డాను. తెర మీద పది అని ఎర్రగా వెలుగుతోంది. మస్తానయ్య దాన్ని చూసి, వేలంపాట గొంతుతో, "ఏడూ" అన్నాడు.

"ఏమన్నావు?"

"ఏడు అన్నా."

"తెర చూడు."

చూశాడు. షెడ్డులో గంప కాటా ఎక్కితే, తెర మీద ఉన్న అంకె ఎవరూ పైకి చెప్పరు. గంపకు రెండు, చేపలో నీళ్ళకూ మంచుకూ ఒకటి, మొత్తం మూడు కిలోలు మనసులోనే తీసేసి మిగిలింది అరుస్తారు. ఆ తీసేసేదాన్ని తరుగు అంటారు. మస్తానయ్య చిన్నప్పటి నుంచీ అదే కాటా దగ్గర, రోజుకు వంద గంపలకు తరుగు తీసిన మనిషి. సున్నా నొక్కినా, గంపలో చేపలున్నా బియ్యమున్నా, కన్ను పది చూస్తే నోరు ఏడు అంటుంది.

"గంపకు రెండు... నీళ్ళకు ఒకటి..." అంటూ ఆ తడి నేల మీదే కూలబడ్డాడు. "నోరు దానంతటదే అనేసినాదక్కా. చిట్టిక్కూడా లోలోపల అట్నే అనుకొని, అదే రాసిచ్చినా. నా చేత్తో నేనే రాసిచ్చినా."

తిట్టడానికి పోయినదాన్ని అతని పక్కన ఆ తడిలోనే కూర్చున్నాను. తిలాపాపం తలా పిడికెడు అంటారు. పంచుకుంటే ఇందులో పెద్ద పిడికిలి నాదే. అతను చేపలు తూచేవాడు, తన పని తను చేశాడు. మందు పని నాది. ఈ అంకె ఎవరు చూశారు, ఎలా చూశారు అని అడగాల్సింది నేను. కార్డు అడగాల్సింది నేను. చెయ్యి ఒక మాట, చీటీ ఒక మాట చెప్పినప్పుడు రెండోసారి తూచమనాల్సింది నేను.

తల్లి అడిగిన మాట

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే నెల్లూరు పోయాను. పిల్ల ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది, చేతికి సూది ఉంది. పెంచలమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఫోన్‌లో చెప్పొచ్చు, డాక్టరమ్మతో చెప్పించొచ్చు. కానీ నేను కోప్పడింది ఎదురుగా నిలబడి, కాబట్టి ఎదురుగానే చెప్పాలనిపించింది. జరిగిందంతా చెప్పాను. నువ్వు మందు సరిగ్గానే వేశావు, మేమే సగం ఇచ్చాం అన్నాను.

ఆమె ఏడవలేదు, అరవలేదు. నా మొహంలోకి చూసి అడిగింది.

"చేపల్లో తీసింది చాలక నా బిడ్డలో కూడా తరుగు తీస్తిరా అక్కా?"

ముప్పై రెండేళ్ళలో నన్ను మెమోలు అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు రాశాను. దీనికి చెప్పగలిగింది ఒక్క మాటే. తప్పు నాదే పెంచలమ్మా అన్నాను. ఆమె మళ్ళీ పిల్ల వైపు తిరిగి కూర్చుంది.

ఇంజెక్షన్లకు నాలుగో రోజున జ్వరం విడిచింది. ఆరో రోజున చిట్టి ఇడ్లీ అడిగిందని మస్తానయ్య పరుగెత్తుకొచ్చి నా కిటికీ దగ్గర చెప్పాడు. మందుల గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను. సిగ్గేమీ లేదు చెప్పుకోవడానికి.

ఆలోపల నోటు పుస్తకం తిరగేసి, రమణమ్మ లేని రోజుల్లో షెడ్డు చీటీతో మందు తీసుకున్న పిల్లలెవరో వెతికాను. ఇద్దరు తేలారు. ఇద్దరి ఇళ్ళకూ పోయి చూశాం. బాగానే ఉన్నారు. అది వాళ్ళ అదృష్టం, నా గొప్ప కాదు.

కొత్త కాటా రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ బిడ్డ వచ్చినప్పుడల్లా మస్తానయ్య తెరను తల్లి వైపు తిప్పేసి, చేతులు కట్టుకుని నిలబడేవాడు. "బిడ్డల బరువు నా నోటితో చెప్పను. మీరే చూసుకోండి" అనేవాడు. దిష్టి అని జంకిన తల్లులకు పెంచలమ్మే సర్దిచెప్పింది. "దిష్టి తగిలితే ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేస్తాం. మందు చాలకపోతే ఏం తిప్పాల?" ఆ ఊళ్ళో తల్లులు కాటా వైపు మొహం తిప్పడం అప్పుడు మొదలైంది. నేను పాతికేళ్ళు చెప్పినా ఆ పని అయ్యేది కాదు.

కిటికీకి ఇవతల

పని మానేసినా, బీపీ మాత్రల కోసం నెలకోసారి ఆ కేంద్రానికే పోతాను. పోయిన నెల వరుసలో కూర్చుని ఉండగా పెంచలమ్మ వచ్చింది. చంకలో రెండోవాడు, ఏడాదిన్నర ఉంటాడు, దగ్గుతున్నాడు. చిట్టి పక్కన నడుస్తోంది. మూడో తరగతి చదువుతోంది, రెండు జడలు వేసుకుని చేతిలో తమ్ముడి కార్డు పట్టుకుంది.

కిటికీ లోపల కొత్తగా చేరిన అమ్మాయి ఉంది. చురుకైన పిల్ల. డాక్టరు రాసిన కాగితం చూసి, తల ఎత్తకుండానే అడిగింది. "బరువెంతమ్మా?"

"పదిన్నర. నేనే చూసినా. పూర్తి బరువు."

చిట్టి కార్డు తెరిచి లోపలికి పెట్టింది. "పోయిన నెల పదింబావు ఉండాది, చూడండి."

ఆ అమ్మాయి ఇప్పుడు తల ఎత్తింది. "పూర్తి బరువు అంటే?"

పెంచలమ్మ వెనక్కి తిరిగి వరుసలో ఉన్న నన్ను చూసింది. అది ఆ ఆస్పత్రి మంచం పక్కన చూసిన చూపు కాదు.

"ఆమెనడుగు మేడం. ఆమె చెప్తాది."

లేచి కిటికీ దగ్గరికి పోయాను. చిట్టి నాకు చోటిచ్చి పక్కకు జరిగింది. దగ్గు మందుకొచ్చిన తల్లులు, మాత్రలకొచ్చిన ముసలివాళ్ళు అందరూ వింటున్నారు. షెడ్డు కాటా వాడుకున్న నా తెలివితో మొదలుపెట్టి, కోప్పడిన మాట దాచకుండా, మొత్తం చెప్పాను. తరుగు తీయకుండా చెప్పాను.